నీరు చాలకా కష్టమే, నిలిచినా నష్టమే: మెట్ట మక్క వెనుక తొంభై ఏళ్ల వెతుకులాట

తొలకరి పదునుకు విత్తిన మక్కకు (మొక్కజొన్నకు) అసలు పరీక్ష దాదాపు యాభై రోజులకు వస్తుంది. జల్లు (మగ పూత) వేసి పీచు తీసే ఆ రెండు వారాల్లో బెట్ట తగిలితే కంకిలో గింజ కట్టదు. అలాగని నీరు నిలిచినా ఈ పైరు ఓర్చుకోదు, లేత దశలోనైతే మరీను. వర్షాధార మక్క చిక్కంతా ఇక్కడే ఉంది.

మెట్ట సేద్యంపై పద్ధతిగా పరిశోధన 1930లలో మొదలైంది. షోలాపూర్, బీజాపూర్, రోహ్‌తక్, బళ్లారి దగ్గరి హగరి, నిజాం రాజ్యంలోని రాయచూరు ఆనాటి కేంద్రాలు. గట్లు కట్టి వాన నీటిని ఆపడం, లోతు దుక్కి, ఎడం సాళ్లు, తరచూ గుంటక తోలడం వారి సలహాలు. ఇంత చేసినా దిగుబడి పెరిగింది 15–20 శాతమే. పైగా నల్లరేగడిలో గట్ల వెంట నీరు నిలిచి పైరు దెబ్బతినేది, పెద్ద వానకు గట్లే తెగేవి. నీటిని ఆపాలన్న ధ్యాసే తప్ప, ఎక్కువైన నీటికి దారి చూపాలన్న ఆలోచన అప్పటికి బలపడలేదు.

1961లో ‘డెక్కన్’ అనే రకం వంటి సంకర మక్కలు వచ్చాయి. విత్తనం మారింది గానీ వానను పట్టుకునే తీరు మారలేదు.

1970లో హైదరాబాద్ కేంద్రంగా అఖిల భారత మెట్ట సేద్య పథకం, 1972లో పటాన్‌చెరులో అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ మొదలయ్యాయి. చాలామంది రైతులు రేగళ్లను వానాకాలం బీడుగా ఉంచి, లోపలి పదునుతో యాసంగిలో జొన్న, శనగ వేసేవారు. అది బద్ధకం కాదు. వానకు ముందు ఆ నేల రాయి, వాన పడ్డాక బంక. దీనికి ఇక్రిశాట్ వెతికిన ఉపాయం నాకు అన్నిటికన్నా నచ్చుతుంది: మీటరు వెడల్పు మడి, పక్కనే అర మీటరు కాలువ, రెండూ స్వల్ప వాలుతో. చిన్న వాన మడిలో ఇంకుతుంది. పెద్ద వాన నేలను కోయకుండా మెల్లగా కుంటలోకి దిగుతుంది. 1976లో మొదలైన అక్కడి దీర్ఘకాల ప్రయోగంలో ఈ మడులకు మేలైన విత్తనం, ఎరువులు, అంతర పంటలు జోడిస్తే అన్ని పంటల గింజా కలిపి ఏడాదికి హెక్టారుకు సగటున 51 క్వింటాళ్లు వచ్చాయి. పాత పద్ధతిలో 11.

అది పరిశోధన క్షేత్రం, ఊళ్లో అంత పండుతుందా? 1999లో రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో పరీక్షించారు. మడులు, చెక్‌డ్యాములు, గట్లపై ఎరువాకు కోసం గ్లైరిసీడియా చెట్లు, నేలలో కొరవడిన బోరాన్, గంధకం అన్నీ కలిసేసరికి హెక్టారుకు 15 క్వింటాళ్ల దగ్గరున్న మక్క 30 దాటింది.

ఇంత స్పష్టమైన ఫలితం ఊరూరా ఎందుకు పాకలేదు? నా దృష్టిలో ప్రధాన అడ్డంకి కమతం. వాలు ఒక రైతు హద్దు దగ్గర ఆగదు. కాలువ పై చేనులో మొదలై కింది చేను గుండా పోవాలి. కింది రైతు సరేనంటేనే పై రైతు మడి నిలుస్తుంది. మడులు తోలే పనిముట్టు కూడా తొలకరికి ముందే ఊళ్లో ఉండాలి.