కూలంట్ కారుతోందా? ముందు కారే చోటు చూపించమనండి: ఆటోనగర్ షెడ్డు నుంచి కొన్ని అపోహలు - వాస్తవాలు

పోయిన మే నెలలో గుంటూరు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డుకు వచ్చారు. చేతిలో నాలుగు మడతల ఎస్టిమేట్ కాగితం. రేడియేటర్, వాటర్ పంప్, హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్య ఉండే సీల్), పైపులన్నీ, లేబర్‌తో కలిపి 58 వేలు. వారం కిందట కాజ టోల్‌గేట్ దగ్గర ఇంజిన్ వేడెక్కిందని చెప్పే ఎర్ర లైటు డాష్‌బోర్డులో వెలిగిందట. ఆపి చూస్తే బాటిల్‌లో కూలంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అడుగంటిందట. "కారు అమ్మేయమంటావా బాబూ?" అన్నారు. "ఎక్కడ కారుతోందో మీకు చూపించారా మాస్టారూ?" అని అడిగాను. ఎవరూ చూపించలేదు.

చల్లారిన ఇంజిన్‌కు ప్రెజర్ పంప్ తగిలించి గాలి కొట్టాం, ప్రెజర్ టెస్ట్ అంటే ఇదే. పది నిమిషాల్లో థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలంట్ దారి తెరిచే వాల్వు) హౌసింగ్ పక్కనున్న ప్లాస్టిక్ జాయింట్ మీద చుక్క తేలింది. వెంట్రుకంత పగులు. జాయింటు, రెండు క్లాంపులు, కొత్త కూలంట్, అన్నీ కలిపి మూడు వేల లోపే అయింది. బండి వేడెక్కింది కాబట్టి గ్యాస్కెట్‌ను కూడా పరీక్షించాకే పంపాను. అది బాగానే ఉంది. 22 ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఇలాంటి కాగితాలు చాలా చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: బండి కింద నీళ్లు కనిపిస్తే కూలంట్ లీకే.

ఎండాకాలం ఏసీ వేసుకుని వచ్చి ఆపితే ముందు ఎడమ సీటు కింది భాగం నుంచి నీళ్లు కారడం మామూలే. ఆ నీళ్లకు రంగూ ఉండదు, వాసనా ఉండదు. కూలంట్ అయితే వేళ్ల మధ్య జారుడుగా ఉంటుంది, తియ్యటి వాసన వేస్తుంది. రాత్రి బండి కింద పాత అట్టముక్క పరిచి పొద్దున చూడండి, మరక రంగే చెప్పేస్తుంది. రుచి మాత్రం చూడకండి, అది విషం. నేల మీద ఒలికితే బాగా నీళ్లు కొట్టి కడగండి. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకి చచ్చిపోతాయి.

అపోహ: బయట చుక్క కనిపించకుండా కూలంట్ తగ్గుతోందంటే హెడ్ గ్యాస్కెట్ పోయినట్టే.

ఎక్కువ డబ్బు పోయేది ఈ మాట దగ్గరే. బయట కనిపించని లీకులు చాలా ఉన్నాయి. చిన్న లీకైతే వేడి ఇంజిన్ మీద పడగానే ఆవిరైపోతుంది, తెల్లగానో ఆకుపచ్చగానో ఎండిన మరక మాత్రం మిగులుతుంది. టార్చి వేసి ఆ మరకల కోసం వెతకాలి. కొన్ని క్లాంపుల దగ్గర వేడి మీదే కారుతుంది. కొన్ని పైపుల దగ్గర రాత్రి చల్లారాక, లోహం కుంచించుకున్నప్పుడు మాత్రమే కారుతుంది. వాటర్ పంప్ కింద చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీల్ అరిగితే తెలియాలని కంపెనీవాళ్లే పెట్టింది. అక్కడి నుంచి కారుతూ ఉంటే పంప్ మార్చాల్సిందే, పైన సీలెంట్ పూస్తే ఆగదు. ఎడమ సీటు ముందు కార్పెట్ తడిగా ఉండి, అద్దం మీద జిడ్డు పొగమంచులా పడుతుంటే డాష్‌బోర్డు లోపలి హీటర్ కాయిల్‌ను అనుమానించాలి. డీజిల్ బండ్లలో ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లార్చేది) లోపల పగిలినా అంతే. బయట చుక్క ఉండదు, సైలెన్సర్‌లో తెల్లపొగ వస్తుంది.

అన్నిటికంటే ముందు మూత చూడాలి. ప్రెజర్ కుక్కర్‌కు వెయిట్ ఎలాగో రేడియేటర్‌కు మూత అలాగ. మూత మీద 1.1 అని ఉంటే 1.1 బార్ వరకు ఒత్తిడి పట్టి ఉంచుతుందని అర్థం. ఆ ఒత్తిడి వల్లే లోపలి కూలంట్ 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత రబ్బరు గట్టిపడితే లీకు లేకపోయినా కూలంట్ పొంగి పోతుంది. ఇంత చవక వస్తువును చూడకుండా ఇంజిన్ విప్పుతామంటే నేను ఒప్పుకోను.

మరి గ్యాస్కెట్ నిజంగా పోతే? చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాలకే రేడియేటర్ పై పైపు రాయిలా బిగుసుకుంటుంది. బాటిల్‌లో బుడగలు ఆగకుండా వస్తాయి. ఒక్కోసారి డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన టీ రంగులోకి మారుతుంది. దీనికి నీలం ద్రవంతో చేసే పరీక్ష ఉంది. రేడియేటర్ నోటి దగ్గర గాలిని ఆ ద్రవం గుండా లాగుతారు. పెట్రోల్ బండిలో నీలం పసుపుకు తిరిగితే ఇంజిన్ పొగ కూలంట్‌లోకి వస్తున్నట్టు. ధనుర్మాసం పొద్దుటి పూట సైలెన్సర్‌లో కాసేపు వచ్చి పోయే తెల్లటి ఆవిరిని చూసి మాత్రం భయపడకండి.

అపోహ: మనకు మంచు పడదు కదా, మామూలు నీళ్లు చాలు.

కూలంట్ మంచు కోసమే కాదు. మరిగే ఉష్ణోగ్రతను పెంచుతుంది, లోపల తుప్పు పట్టకుండా కాపాడుతుంది. బోరు నీళ్లు పోస్తే మన ఇంట్లో గీజర్ రాడ్‌కు పట్టినట్టే రేడియేటర్ గొట్టాల్లో తెల్లటి పెచ్చు కడుతుంది. దారిలో కూలంట్ అయిపోతే మంచినీళ్ల బాటిల్ పోసుకుని దగ్గర్లోని షెడ్డుకు చేరడం తప్పు కాదు. అలా నెలల తరబడి నడపడం తప్పు. కూలంట్‌ను రంగు చూసి కొనకండి, రంగుకు కంపెనీలన్నీ పాటించే నియమం లేదు. బండి పుస్తకంలో ఏ రకం రాశారో అదే పోయండి.

అపోహ: పసుపు వేస్తే లీకు ఆగిపోతుంది.

ఆగుతుంది, కొన్నాళ్లు. ఆ పసుపే సన్నటి గొట్టాల్లోనూ హీటర్ కాయిల్‌లోనూ పేరుకుంటుంది. అర్ధరాత్రి హైవే మీద దిక్కులేనప్పుడు లారీ డ్రైవర్లు వాడే చిట్కా అది. షెడ్డులో చేసే రిపేరు కాదు.

అపోహ: డాష్‌బోర్డులో టెంపరేచర్ ముల్లు మధ్యలో ఉంది కాబట్టి ఫర్వాలేదు.

కూలంట్ పూర్తిగా పోతే సెన్సర్‌కు తగిలేది గాలే, ముల్లు అబద్ధం చెప్పొచ్చు. ట్రాఫిక్‌లో వేడెక్కి, హైవే ఎక్కగానే దిగుతుంటే ముందు ఫ్యాన్ చూడండి. లైటు వెలిగిందా, ఏసీ ఆపి, పక్కకు తీసి, ఇంజిన్ ఆపేయండి. మూత ముట్టుకోవద్దు. కనీసం ముప్పావుగంట ఆగాలి. తొందరపడి తిప్పి ముఖం, చేతులు కాల్చుకున్నవాళ్లను చూశాను.

అపోహ: ఎస్టిమేట్ పెద్దదైతే మోసమే.

ఇది కూడా అన్యాయమే. హీటర్ కాయిల్ ఖరీదు తక్కువే, కానీ డాష్‌బోర్డు మొత్తం విప్పాలి. కొన్ని ఇంజిన్లలో వాటర్ పంప్‌ను టైమింగ్ బెల్టే తిప్పుతుంది. అంత విప్పినప్పుడు బెల్టు కూడా మార్చమని చెప్పేవాడు మీ మేలు కోరేవాడే. రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు పగిలితే అతుకు నిలవదు, కొత్తది వేయడమే మంచిది. వేడికి ఇంజిన్ హెడ్ వంగితే లేత్‌కు పంపి ఫేసింగ్ (చదును) చేయించక తప్పదు.

కాబట్టి గొడవ పడకుండా అడగండి. ఎక్కడ కారుతోందో చూపిస్తారా? ప్రెజర్ టెస్ట్ చేశారా? పార్టు ధర ఎంత, లేబర్ ఎంత, విడివిడిగా రాయండి. ఇప్పుడే తప్పనిసరి ఏది, తర్వాత చూసుకునేది ఏది? తీసిన పాత పార్టులు నాకివ్వండి. పార్టు నంబరు రాయించుకుంటే ధర ఎంతో ఆటోనగర్ స్పేర్ల షాపుల్లో మీరే కనుక్కోవచ్చు. గ్యాస్కెట్ అంటే పరీక్ష మీ ముందే చేయమనండి. సరిగ్గా పనిచేసే మెకానిక్ ఎవరూ వీటికి నొచ్చుకోరు.

చూపించనంటే బండి తెచ్చేసుకోండి. కూలంట్ గంటలోనే అడుగంటేంత లీకు ఉంటే మాత్రం, గుంటూరు నుంచైనా మంగళగిరి నుంచైనా, దాన్ని నడిపి తీసుకురావద్దు. టోయింగ్ బండి మీద ఎక్కించి తెప్పించండి.