కుక్కర్ ఎవరు అమ్మినట్టు?

2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ (సీసీపీఏ) అమెజాన్‌కు ఒక ఉత్తర్వు ఇచ్చింది. నాణ్యత ప్రమాణాలకు తగినట్టు లేని ప్రెషర్ కుక్కర్లు ఆ సైట్‌లో 2,265 అమ్ముడుపోయాయని తేల్చింది. కొన్న ప్రతి ఒక్కరికీ ఆ విషయం చెప్పాలి, కుక్కర్లు వెనక్కి తీసుకోవాలి, డబ్బు తిరిగివ్వాలి, లక్ష రూపాయల జరిమానా కట్టాలి అన్నది ఉత్తర్వు సారాంశం. రెండు వారాలు తిరక్కుండానే 598 కుక్కర్ల విషయంలో ఫ్లిప్‌కార్ట్‌కూ ఇలాంటి ఉత్తర్వే వెళ్లింది. అంతకు ముందు, అదే ఏడాది మార్చిలో, స్నాప్‌డీల్, పేటీఎం మాల్‌ల వంతు అయింది.

లక్ష రూపాయలు ఆ కంపెనీలకు ఒక లెక్కలోనిది కాదు. అయినా అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ రెండూ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. వాటిని కోర్టు దాకా నడిపించింది జరిమానా కాదు, ఉత్తర్వులో ఉన్న ఒక మాట. వస్తువు అమ్మిన వ్యాపారి వేరే ఉన్నా, ఆ అమ్మకం వల్ల కమిషన్ తిన్న ప్లాట్‌ఫాం ‘నాకేం సంబంధం’ అని తప్పుకోలేదన్నదే ఆ మాట. ఆ కుక్కర్ల మీద అమెజాన్‌కు వచ్చిన ఫీజు 6,14,825 రూపాయల 41 పైసలని పైసలతో సహా ఉత్తర్వులో లెక్క వేశారు. ఫ్లిప్‌కార్ట్‌కు వచ్చింది 1,84,263 రూపాయలు.

మన దేశంలో ఆన్‌లైన్ అంగళ్లు మొదలై అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. వస్తువు పేలితే బాధ్యత ఎవరిది అన్న ప్రశ్న అన్నేళ్లు ఎందుకు తేలకుండా ఉండిపోయిందో తెలియాలంటే, కుక్కర్‌తో ఏ సంబంధమూ లేని రెండు సంగతుల దగ్గరికి వెళ్లాలి.

మొదటిది 2004 నాటిది. బాజీ డాట్ కామ్ అని ఒక వేలం సైట్ ఉండేది, ఈబే దాన్ని కొనేసింది. ఇద్దరు స్కూలు పిల్లల అశ్లీల వీడియో ఒకదాన్ని ఎవరో ఆ సైట్‌లో అమ్మకానికి పెట్టారు. పోలీసులు ఆ వీడియో పెట్టినవాడితో ఆగకుండా సైట్ సీఈఓను కూడా అరెస్టు చేశారు. ఐటీ పరిశ్రమ గగ్గోలు పెట్టింది. రోజూ వేలమంది ఏవేవో పెడుతుంటారు, ప్రతి దానికీ కంపెనీ పెద్దను జైల్లో వేస్తే ఎవరు వ్యాపారం చేస్తారు అని. ఆ వాదనలో న్యాయం లేకపోలేదు. 2008లో ఐటీ చట్టాన్ని సవరించినప్పుడు 79వ సెక్షన్‌ను తిరగరాశారు. ఇతరులు పెట్టిన సమాచారానికి మధ్యవర్తి బాధ్యుడు కాడు, తన తరఫున తగిన జాగ్రత్త తీసుకుంటూ, తప్పుందని తెలిశాక తీసేస్తే చాలు అన్నారు. 2009 అక్టోబరు నుంచి అది అమల్లోకి వచ్చింది.

వీడియోలు, రాతలు, ఫొటోలు దృష్టిలో పెట్టుకుని రాసిన రక్షణ అది. కానీ చట్టంలో ‘మధ్యవర్తి’ అన్న నిర్వచనంలో ఆన్‌లైన్ మార్కెట్లను కూడా పేరు పెట్టి చేర్చారు. దాంతో గ్యాస్ స్టవ్ అమ్మే పేజీ కూడా, చట్టం కళ్లకు, ఎవరో రాసిన ఒక సమాచారం అయిపోయింది.

రెండో సంగతి విదేశీ పెట్టుబడులది. చిల్లర వ్యాపారంలోకి విదేశీ కంపెనీలు వస్తే కిరాణా కొట్లు మూతపడతాయన్న భయం మన రాజకీయాల్లో ఎప్పటి నుంచో ఉంది. అందుకని 2016 మార్చిలో కేంద్రం ఒక నియమం పెట్టింది. విదేశీ డబ్బుతో నడిచే ఈ-కామర్స్ కంపెనీ సొంత సరుకు అమ్మకూడదు, వేరే వ్యాపారులు అమ్ముకునే వేదికగా మాత్రమే ఉండాలి. అందులోనే ఇంకో రెండు ముక్కలు చేర్చారు. వారంటీ, గ్యారంటీల బాధ్యత అమ్మకందారుది. సరుకు చేరవేత, కొన్నవాడి సంతృప్తి కూడా అమ్మకందారు చూసుకోవలసినవే.

చిన్న వ్యాపారిని కాపాడాలని పెట్టిన నియమం చివరికి బరువంతా తెచ్చి ఆ చిన్న వ్యాపారి నెత్తిన పెట్టింది. పెద్ద కంపెనీ చేతికి మాత్రం ప్రభుత్వమే రాసిచ్చిన కాగితం వచ్చింది, ‘నేను దుకాణాన్ని కాను’ అని చెప్పుకోవడానికి. సంతలో ఆశీలు వసూలు చేసుకునేవాణ్ని పట్టుకుని వంకాయ పుచ్చిందని అడగం కదా, మేమూ అంతే అన్న ధోరణి అక్కడి నుంచి బలపడింది. అయితే సంతలో వంకాయ అమ్మినవాడు ఎదురుగా కూర్చుని ఉంటాడు. ఇక్కడ మనకు కనిపించేది ఆశీలు వసూలు చేసుకునేవాడి పేరే. డబ్బు కట్టేది వాడికే, అట్టపెట్టె మీద బొమ్మా వాడిదే. ఫ్లిప్‌కార్ట్ ఉత్తర్వులో సీసీపీఏ దీన్నే పట్టుకుంది. ప్రతి బిల్లు మీదా తన పేరు వేయించడం, అమ్మకందారులను గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ అని తరగతులుగా విడదీసి ప్రయోజనాలు ఇవ్వడం చూస్తుంటే ఇది కేవలం చోటు అద్దెకిచ్చే వ్యవహారంలా లేదంది.

ఇక ఐఎస్ఐ మార్కు సంగతి. ఇండియన్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ 1947 జనవరిలో, స్వాతంత్ర్యానికి ఏడు నెలల ముందు పుట్టింది. వస్తువుల మీద ముద్ర వేసే చట్టం 1952లో వచ్చింది. 1987 ఏప్రిల్ నుంచి ఆ సంస్థే బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ (బీఐఎస్) అయింది. సంస్థ పేరు మారినా ముద్ర మీద పేరు మారలేదు, మన నోట్లోనూ మారలేదు. ఈ ముద్ర మొదటి నుంచీ చాలావరకు ఐచ్ఛికమే. ప్రమాణం ఉంటుంది, పాటించినవాడు లైసెన్సు తీసుకుని ముద్ర వేసుకుంటాడు, లేనివాడు లేకుండానే అమ్ముకుంటాడు. తప్పనిసరి చేయాలంటే ఆ వస్తువు పేరుతో కేంద్రం విడిగా నాణ్యత నియంత్రణ ఉత్తర్వు ఇవ్వాలి.

కుక్కర్లకు ఆ ఉత్తర్వు 2020లో వచ్చింది. ఒకసారి గడువు పెంచాక 2021 ఫిబ్రవరి 1 నుంచి అమలైంది. ప్రమాణం నంబరు ఐఎస్ 2347. కుక్కర్‌కు ఇంత హడావుడి ఎందుకు అనిపించవచ్చు. పప్పు పొంగి వెయిట్ కింద కన్నం మూసుకుపోతే లోపలి ఆవిరికి దారి ఉండదు. అప్పుడు మూత మీది సేఫ్టీ వాల్వ్ లోహపు బిళ్ల కరిగి ఆవిరిని వదలాలి. ఆ బిళ్ల ఏ వేడికి కరగాలి, మూత ఎంత ఒత్తిడికి నిలవాలి అన్నవి కంటితో చూసి చెప్పగలిగేవి కావు. కొట్లో పట్టుకుని చూసినా తెలియదు, ఫోన్‌లో ఫొటో చూస్తే అసలే తెలియదు. ఎవరో పరీక్ష చేసి ముద్ర వేయాలి, అంతే. బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి, హెల్మెట్లకు అదే ఏడాది జూన్ 1 నుంచి ముద్ర తప్పనిసరి అయింది.

మరి కొట్టువాడు ముద్ర లేని కుక్కర్ అమ్మితే నేరం, సైట్‌లో అమ్మితే? 2016 బీఐఎస్ చట్టం 17వ సెక్షన్ చదివితే జవాబు ఉన్నట్టే అనిపిస్తుంది. తయారు చేయడం, దిగుమతి చేయడం, అమ్మడం మాత్రమే కాదు, పంపిణీ చేయడం, నిల్వ ఉంచడం, అమ్మకానికి ప్రదర్శించడం కూడా కుదరదంది. ఫొటో, ధర, ‘కొనండి’ అన్న మీట పెట్టిన పేజీని ప్రదర్శన అనకపోతే ఇంకేమంటారు? తొలిసారి తప్పుకు కనీసం రెండు లక్షల జరిమానా, లేదా రెండేళ్ల దాకా జైలు, లేదా రెండూ. ఇంత పదునైన సెక్షన్ చేతిలో ఉన్నా ప్లాట్‌ఫాంల మీద వాడటానికి చాలాకాలం ఎవరూ ముందుకు రాలేదు.

కదలిక ఇంకో వైపు నుంచి వచ్చింది. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో నష్టపోయినవాడు ఫోరానికి వెళ్లి కేసు వేసుకోవాలి. చెయ్యి కాలాక పరిహారం కోసం తిరగడమన్నమాట. 2019 చట్టం దాని స్థానంలోకి వచ్చి, 2020 జులైలో అమలయ్యాక, తనంతట తానుగా కదలగల సంస్థ ఒకటి ఏర్పడింది. అదే సీసీపీఏ. ప్రమాదకరమైన వస్తువును వెనక్కి రప్పించే అధికారం, కొన్నవాడికి డబ్బు ఇప్పించే అధికారం 20వ సెక్షన్ దానికి ఇచ్చింది. ఎవరి కుక్కరూ పేలేదాకా ఆగనక్కర్లేదు. 2021 డిసెంబరులో అది హెల్మెట్లు, కుక్కర్లు, గ్యాస్ సిలిండర్ల గురించి జనానికి మొదటి హెచ్చరిక ఇచ్చింది. పది రోజుల్లో నీళ్లు కాచే హీటర్లు, కుట్టు మిషన్లు, మైక్రోవేవ్‌లు, గ్యాస్ స్టవ్‌ల మీద రెండోది. ఆ తర్వాతే పైన చెప్పిన ఉత్తర్వులు.

2020 జులైలోనే ఈ-కామర్స్ నియమాలూ వచ్చాయి. అమ్మకందారు పేరు, చిరునామా చూపించాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి అన్నారు. బాగానే ఉంది. 79వ సెక్షన్ రక్షణను మాత్రం అలాగే ఉంచారు. ఇంకో విచిత్రం ఉంది. పదేపదే తప్పు చేసే అమ్మకందారుల వివరాలు ప్లాట్‌ఫాంలు రాసి ఉంచుకోవాలని ఒక నియమం. ఏ చట్టాల కింద తప్పు? కాపీరైట్ చట్టం, ట్రేడ్‌మార్కుల చట్టం, ఐటీ చట్టం. బీఐఎస్ చట్టం ఆ వరసలో లేదు. నకిలీ బ్రాండు బూట్లు అమ్మేవాడి చిట్టా ఉండాలి, పేలే కుక్కర్ అమ్మేవాడిది అక్కర్లేదు! రాసినవాళ్ల దగ్గర బ్రాండ్ల గొంతు బాగా వినిపించిందని, వంటింటి గొంతు వినిపించలేదని అనుకోక తప్పదు.

2021 జూన్‌లో కేంద్రం ఒక సవరణ ముసాయిదా విడుదల చేసింది. అమ్మకందారు సరుకు అందించకో, నిర్లక్ష్యం వల్లో కొన్నవాడికి నష్టం జరిగితే ఆ బాధ్యత ప్లాట్‌ఫాం మీద పడుతుందన్నది అందులో అసలు విషయం. కంపెనీలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. ముసాయిదా ముసాయిదాగానే మిగిలింది.

అలా నియమాల్లో రానిది ఉత్తర్వుల్లో ముక్కలు ముక్కలుగా వస్తోంది. 2022 సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ కారు ప్రమాదంలో చనిపోయాక సీటు బెల్టుల గురించి దేశమంతా మాట్లాడుకుంది. బెల్టు పెట్టుకోకపోయినా అలారం మోగకుండా ఆపే క్లిప్పులు సైట్లలో బాహాటంగా అమ్ముతున్నారని అప్పుడు బయటపడింది. 2023 మేలో ఐదు కంపెనీలకు సీసీపీఏ ఉత్తర్వులిస్తే 13,118 పేజీలు తీసేశారు. ప్రాణం కాపాడే ఏర్పాటును పనిచేయనివ్వకుండా చేయడానికే తయారైన వస్తువుకు అన్ని వేల పేజీలు ఉన్నాయంటే ముందుగా ఎవరూ చూడటం లేదనే అర్థం. 2025లో అనుమతి లేని వాకీటాకీల అమ్మకాల మీద ఏకంగా మార్గదర్శకాలే ఇవ్వాల్సి వచ్చింది.

కుక్కర్ల కేసులో హైకోర్టు మధ్యంతరంగా ఒక దారి చూపింది. అమెజాన్ 2,265 మందికీ సమాచారం ఇవ్వాలి, లక్ష రూపాయలు కోర్టులో కట్టాలి. కుక్కర్లు వెనక్కి తీసుకుని డబ్బు తిరిగిచ్చే భాగాన్ని మాత్రం ఆపింది. ‘మీ ఇంట్లో ఉన్న కుక్కర్‌కు ప్రమాణం లేదు’ అని కబురు వస్తుంది, దాన్ని ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు.

2025 మార్చిలో బీఐఎస్ ఎట్టకేలకు 17వ సెక్షన్‌లోని ‘నిల్వ’ అన్న మాటను పట్టుకుంది. ఢిల్లీ మోహన్ కోఆపరేటివ్ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లోని అమెజాన్ గోదాములో ముద్ర లేని గీజర్లు, మిక్సీలు వగైరా 3,500కు పైగా వస్తువులు పట్టుబడ్డాయి, విలువ దాదాపు 70 లక్షలు. త్రినగర్‌లో ఫ్లిప్‌కార్ట్ అనుబంధ సంస్థ ఇన్‌స్టాకార్ట్ గోదాములో 590 జతల స్పోర్ట్స్ బూట్లు దొరికాయి. ఆ నెలలోనే తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లాలో, హైదరాబాద్‌లో కూడా గోదాముల్లో తనిఖీలు జరిగాయి. సైట్‌లోని పేజీ ఎవరిదన్న దాని మీద కోర్టులో ఎంతైనా వాదించుకోవచ్చు. గోదాములో ఉన్న గీజర్ విషయంలో ఆ వెసులుబాటు తక్కువ. దాన్ని దించుకున్నదీ, అరలో పెట్టిందీ, పెట్టెలో కట్టి పంపేదీ అమ్మకందారు కాదు.