లెక్కల్లోకి రాని గెలుపులు: కోచ్ జాన్ మెక్‌లెండన్ కథ

అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది. జాన్ మెక్‌లెండన్ పేరు అందులో రెండుసార్లు చేరింది. 1979లో ఆటకు సేవ చేసిన వ్యక్తిగా చేర్చుకున్నారు. కోచ్‌గా చేర్చుకున్నది 2016లో. ఆయన బతుకంతా చేసింది కోచ్ పనే. కాలేజీ జట్లతో 500కు పైగా ఆటలు గెలిచారు, వరసగా మూడేళ్ళు జాతీయ టైటిల్ తెచ్చారు. అలాంటి మనిషిని కోచ్ అని ఒప్పుకోవడానికి ఇంకో 37 ఏళ్ళు పట్టింది. ఆ రోజు వచ్చేసరికి ఆయన చనిపోయి దాదాపు 17 ఏళ్ళయింది.

ఇంత ఆలస్యం ఎందుకైందో తెలియాలంటే ఆయన ఏ కాలంలో, ఏ కాలేజీల్లో, ఎవరి కళ్ళకు కనపడకుండా గెలిచారో చూడాలి.

మెక్‌లెండన్ 1915లో కేన్సస్ రాష్ట్రంలోని హయావతాలో పుట్టారు. 1933లో కేన్సస్ యూనివర్సిటీలో చేరారు. 1891లో బాస్కెట్‌బాల్‌ను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ అప్పటికి అక్కడే ప్రొఫెసర్. నైస్మిత్‌ను వెతికి పట్టుకొమ్మని కొడుక్కి చెప్పి పంపింది మెక్‌లెండన్ తండ్రి. నైస్మిత్ ఆ కుర్రాణ్ణి దగ్గరకు తీశారు. కానీ యూనివర్సిటీ జట్టులో నల్లజాతివాళ్ళకు చోటు లేదు. ఆట కనిపెట్టిన మనిషి దగ్గర ఆట నేర్చుకుంటున్న విద్యార్థికి ఆ యూనివర్సిటీ కోర్టులో ఆడే వీలు మాత్రం లేదన్నమాట.

ఈత సంగతి కూడా చెప్పుకోవాలి. వ్యాయామ విద్య డిగ్రీకి ఈత పరీక్ష పాసవ్వాలి. నల్లజాతి విద్యార్థులను కొలనులోకి రానిచ్చేవారు కాదు. ఈత కొట్టకుండానే మార్కులు వేస్తామన్నారు. ఆయన ఒప్పుకోలేదు, దిగి ఈదారు. ఆయన బయటికి రాగానే కొలనులో నీళ్ళన్నీ తీసేశారు. ఆయన వెనక్కి తగ్గలేదు, విద్యార్థుల చేత సంతకాలు పెట్టించారు. చివరికి కొలను అందరికీ తెరిచారు. 1936లో ఆ డిగ్రీ అందుకున్నారు, కేన్సస్‌లో అది సాధించిన మొదటి నల్లజాతి విద్యార్థి ఆయనే. మరుసటి ఏడాది అయోవా యూనివర్సిటీలో మాస్టర్స్ పూర్తి చేశారు.

1937లోనే నార్త్ కరోలినాలోని డర్హమ్‌కు వెళ్ళారు. ర్యాలీ, కేరీ చుట్టుపక్కల ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఆ ఊరు బాగా తెలుసు. ఇప్పుడు నార్త్ కరోలినా సెంట్రల్ యూనివర్సిటీ అంటున్న నల్లజాతి కాలేజీలో మొదట అసిస్టెంట్‌గా చేరి, కొన్నేళ్ళకే హెడ్ కోచ్ అయ్యారు. బంతి ఎక్కడుంటే అక్కడికే వెళ్ళి పోరాడాలన్నది నైస్మిత్ దగ్గర ఆయన నేర్చుకున్న మాట. దాన్ని ఆయన ఒక పద్ధతిగా మార్చారు. అప్పట్లో చాలా జట్లు నింపాదిగా నడిచొచ్చి, పాసులు ఇచ్చుకుని, నిలబడి రెండు చేతులతో బంతి వేసేవి. మెక్‌లెండన్ జట్టు బంతి దొరకగానే అవతలి బుట్ట వైపు పరుగు తీసేది. పోగొట్టుకుంటే కోర్టు పొడవునా మీద పడి అడ్డుకునేది. ఇప్పుడు ఫాస్ట్ బ్రేక్, ఫుల్ కోర్ట్ ప్రెస్ అంటే బాస్కెట్‌బాల్ చూసే పిల్లలందరికీ తెలుసు. వాటికి ఒక రూపు ఇచ్చిన మొదటి కోచ్‌లలో ఆయనొకరు. అంత వేగానికి దమ్ము సరిపోవాలి కాబట్టి ఆటగాళ్ళతో ముందు మైళ్ళకు మైళ్ళు పరుగు తీయించేవారు.

ఈ ఆట ఎంత గట్టిదో తేల్చుకునే అవకాశం మాత్రం ఆయనకు లేదు. అదే డర్హమ్‌లో డ్యూక్ యూనివర్సిటీ ఉంది. తెల్లవాళ్ళ జట్టు, నల్లవాళ్ళ జట్టు కలిసి ఆడకూడదన్న కట్టుబాటు మధ్యలో గోడలా నిలబడి ఉంది. ఎంత భయంకరమైన గోడో ఒక్క సంగతి చెబితే అర్థమవుతుంది. 1944 జులైలో ఆ ఊళ్ళోనే బస్సులో వెనక సీట్లోకి వెళ్ళమన్నందుకు ఎదురు మాట్లాడాడని ఒక నల్లజాతి సైనికుణ్ణి బస్సు డ్రైవర్ కాల్చి చంపాడు. జ్యూరీ ఆ డ్రైవర్‌ను నిర్దోషి అంది.

దానికి నాలుగు నెలల ముందు, మార్చి 12న, మెక్‌లెండన్ ఎవరూ ఊహించని పని చేశారు. రెండు కాలేజీల విద్యార్థులు కొందరు వైఎంసీఏ ప్రార్థనా సమావేశాల్లో చాటుగా కలుసుకునేవాళ్ళు. మా జట్టు గొప్పదంటే మా జట్టు గొప్పదని అక్కడ మాట పెరిగింది. డ్యూక్ మెడికల్ కాలేజీలో చదువుతున్న సైనిక విద్యార్థులకు మంచి జట్టుంది. మా జిమ్‌కు రండి, ఆడదాం అని కబురు వెళ్ళింది.

అది ఆదివారం పొద్దున. ఊరంతా చర్చిలో ఉండే సమయమని అదే ఎంచుకున్నారు. డ్యూక్ కుర్రాళ్ళు అడిగి తెచ్చుకున్న కార్లలో చుట్టుదారిన వచ్చి, ముఖాల మీద జాకెట్లు కప్పుకుని లోపలికి వెళ్ళారు. తలుపులకు తాళాలు వేశారు. ప్రేక్షకులు లేరు. రిఫరీ, గడియారం మాత్రం ఉన్నాయి. మొదట్లో మెక్‌లెండన్ కుర్రాళ్ళు టెన్షన్‌లో బంతులు జారవిడిచారు. తెల్లవాళ్ళతో తగలడమే నేరమని నేర్పిన ఊళ్ళో ఉంటున్న పిల్లలు, వాళ్ళ భుజానికి భుజం తగిలించి ఆడాల్సి వచ్చింది మరి. కాసేపటికి అలవాటైన పరుగు అందుకున్నారు. ఆట ముగిసేసరికి స్కోరు 88-44, సరిగ్గా రెట్టింపు.

ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది దాని తర్వాత జరిగింది. వచ్చినవాళ్ళు వెళ్ళిపోలేదు. జట్లను కలిపేసుకుని, ఒక వైపువాళ్ళు చొక్కాలు విప్పేసి, మళ్ళీ ఆడారు. తర్వాత హాస్టల్‌కు వెళ్ళి కబుర్లు చెప్పుకున్నారు.

స్థానిక నల్లజాతి పత్రిక విలేకరి ఒకాయనకు విషయం తెలిసినా, అందరి ప్రాణాలకు ముప్పని రాయలేదు. ఆ ఆట ఏ రికార్డులోనూ లేదు. 1996లో చరిత్రకారుడు స్కాట్ ఎల్స్‌వర్త్ రాసేదాకా, అంటే 52 ఏళ్ళ పాటు, బయటి లోకానికి తెలియలేదు.

ఆయన మిగతా గెలుపులు ఇంత రహస్యం కాకపోయినా, తెల్ల పత్రికల కంటికి ఆననివే. ఆ రోజుల్లో పెద్ద జాతీయ టోర్నమెంట్లకు నల్లజాతి కాలేజీలను పిలిచేవారు కాదు. అందుకే 1946లో మెక్‌లెండన్, తోటి కోచ్‌లు కలిసి నల్లజాతి కాలేజీల సంఘం సీఐఏఏకి సొంత టోర్నమెంట్ మొదలుపెట్టారు. మరోపక్క జాతీయ సంఘాల తలుపులు తడుతూనే ఉన్నారు. చిన్న కాలేజీల జాతీయ టోర్నమెంట్‌లో 1947 దాకా నల్లజాతి ఆటగాళ్ళకే నిషేధం. తన జట్టులోని నల్లజాతి కుర్రాణ్ణి వదిలి రానని జాన్ వుడెన్ అనే కోచ్ ఆ ఏడాది ఆహ్వానాన్ని కాదన్నాడు. మరుసటి ఏడాది నిషేధం ఎత్తేశారు. నల్లజాతి కాలేజీలు జట్లుగా అందులో అడుగుపెట్టింది 1953లో. దాని వెనుక మెక్‌లెండన్, ఆయన తోటివాళ్ళు ఏళ్ళ తరబడి పెట్టిన ఒత్తిడి ఉంది.

హాంప్టన్ కాలేజీలో రెండేళ్ళు పనిచేసి, 1954లో ఆయన నాష్‌విల్‌లోని టెనెసీ ఎ అండ్ ఐ అనే నల్లజాతి కాలేజీకి వెళ్ళారు. కేన్సస్ సిటీలో ఆడటానికి పిలుపొస్తే, మిగతా జట్లు దిగే హోటల్లోనే మా పిల్లలకూ గదులివ్వాలి, లేకపోతే రామని షరతు పెట్టారు. గదులిచ్చారు. 1957, 1958, 1959లో ఆ చిన్న కాలేజీల జాతీయ టోర్నమెంట్ వరసగా గెలిచారు. కాలేజీ బాస్కెట్‌బాల్‌లో మూడేళ్ళు వరసగా జాతీయ టైటిల్ తెచ్చిన మొదటి కోచ్ ఆయనే. తర్వాత ఎంతో పేరు పొందిన వుడెన్‌కు తొలి పెద్ద టైటిల్ వచ్చింది 1964లో.

అలాంటి రికార్డున్న తెల్ల కోచ్ ఇంటి ముందు పెద్ద యూనివర్సిటీలు క్యూ కట్టేవి. మెక్‌లెండన్‌ను ఒక్కటీ పిలవలేదు. ఆయన 1959లో క్లీవ్‌లాండ్ పైపర్స్ అనే జట్టుకు వెళ్ళారు. 1961లో ఆ జట్టు కొత్త ప్రొఫెషనల్ లీగ్‌లో చేరడంతో, ప్రొఫెషనల్ లీగ్‌లో తొలి నల్లజాతి హెడ్ కోచ్ అయ్యారు. ఆటగాళ్ళ జీతాల మీద యజమానితో గొడవపడి, సీజన్ మధ్యలోనే రాజీనామా చేశారు. 1966లో గానీ ప్రధానంగా తెల్లవాళ్ళు చదివే యూనివర్సిటీ ఒక నల్లజాతి మనిషికి జట్టును అప్పగించలేదు. అది క్లీవ్‌లాండ్ స్టేట్, ఆ మనిషి మెక్‌లెండన్. అప్పటికి ఆయనకు 51 ఏళ్ళు. అక్కడ గెలిచినవాటి కంటే ఓడినవే ఎక్కువ. 1969లో డెన్వర్ ప్రొఫెషనల్ జట్టు ఆయన్ను 28 ఆటలకే తప్పించింది.

1979లో హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్ళు చూసింది ఈ చివరి పదేళ్ళను అయి ఉండాలని నాకనిపిస్తుంది. నాష్‌విల్, డర్హమ్ గెలుపులు వాళ్ళ దృష్టిలో వేరే లోకంలో జరిగినవి. ఆ లోకాన్ని వేరు చేసిందెవరో మాత్రం లెక్కలోకి రాలేదు. జాన్ థాంప్సన్ అనే కోచ్ 1984లో జార్జ్‌టౌన్ యూనివర్సిటీ జట్టును గెలిపించే దాకా, కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ పురుషుల అగ్రశ్రేణి టైటిల్ ఏ నల్లజాతి కోచ్ చేతికీ అందలేదు.

మెక్‌లెండన్ 1999లో కన్నుమూశారు. మూడు టైటిళ్ళ జట్టులో ఆడి, తర్వాత ఎన్‌బీఏలో న్యూయార్క్ నిక్స్‌కు ఆడిన డిక్ బార్నెట్ మాత్రం వదల్లేదు. తన కాలేజీ జట్టును హాల్‌లో చేర్చాలని ఏళ్ళ తరబడి అడుగుతూనే వచ్చాడు. కోచ్ పేరు 2016లో, జట్టు పేరు 2019లో చేరాయి. జట్టు వంతు వచ్చేసరికి బార్నెట్‌కు 82 ఏళ్ళు. ఆయనతో ఆడినవాళ్ళలో చాలామంది అప్పటికే లేరు.