చదవడానికి ఉచితం, అచ్చుకు లక్షలు

2025 జనవరి 1 నుంచి కాకతీయ విశ్వవిద్యాలయంలోనో, వరంగల్ ఎన్‌ఐటీలోనో పరిశోధన చేస్తున్న విద్యార్థికి సుమారు 13,000 అంతర్జాతీయ జర్నళ్లు చదివే అవకాశం వచ్చింది. అదే ఊళ్లో ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ పరిశోధన కొనసాగిస్తున్న అధ్యాపకురాలికి రాలేదు. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదించిన ‘వన్ నేషన్ – వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు నడిపే సుమారు 6,300 సంస్థలకే వర్తిస్తుంది. 30 ప్రచురణ సంస్థల జర్నళ్ల కోసం మూడేళ్లకు కేటాయించిన మొత్తం 6,000 కోట్ల రూపాయలు. వరంగల్‌లో ఇంజనీరింగ్ విద్యార్థుల్లో ఎక్కువ మంది ప్రైవేటు కాలేజీల్లోనే ఉన్నారు కాబట్టి, ఆ గీతకు అవతల మిగిలిపోయినవారు ఇక్కడ తక్కువేమీ కాదు.

ఈ పథకాన్ని ఓపెన్ యాక్సెస్ అని చెప్పేవాళ్లున్నారు. అది పొరపాటు. ఓపెన్ యాక్సెస్ పేపరును ఎవరైనా, ఏ ఊరినుంచైనా, ఏ కాలేజీ ఐడీ లేకుండా చదువుకోవచ్చు. ఇది ప్రభుత్వం టోకున కడుతున్న చందా. కట్టినన్నాళ్లే చదువు. ఈ రెండింటి మధ్య తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ, గత ముప్పై ఏళ్ల గొడవంతా దాని చుట్టూ నడిచిందే.

శాస్త్రవేత్తల జర్నళ్లు 1665లో పుట్టాయి. ఆ ఏడాది పారిస్‌లో ఒకటి, లండన్‌లో రాయల్ సొసైటీ కార్యదర్శి హెన్రీ ఓల్డెన్‌బర్గ్ చేతుల మీదుగా మరొకటి వచ్చాయి. తర్వాత దాదాపు మూడు శతాబ్దాల పాటు ఈ పనిలో పెద్ద పాత్ర శాస్త్ర సంఘాలదే. లాభం అన్న ఊసు తక్కువ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ప్రభుత్వాలు పరిశోధనకు ధారాళంగా డబ్బు పోయడం మొదలుపెట్టాక వ్యాపారులు అటు చూశారు. వారిలో అందరికన్నా చురుకైనవాడు రాబర్ట్ మాక్స్‌వెల్. 1951లో పెర్గమాన్ ప్రెస్ పెట్టి, కొత్త శాస్త్ర శాఖ తలెత్తితే చాలు దానికో జర్నల్ తెరుస్తూ పోయాడు. ఏ జర్నల్‌కూ మరో జర్నల్ ప్రత్యామ్నాయం కాదన్న కిటుకు ఆయనకు బాగా తెలుసు. ఒక పేపరు కావాలంటే ఆ పేపరే కావాలి. పక్క జర్నల్‌లో చవకగా ఉన్నది తెచ్చుకుంటే పని జరగదు. లైబ్రరీలు ఎంత చెబితే అంత కట్టాయి. 1991లో ఆయన పెర్గమాన్‌ను 44 కోట్ల పౌండ్లకు ఎల్సెవియర్ అనే డచ్ ప్రచురణ సంస్థకు అమ్మేశాడు.

ఈ వ్యాపారంలోని విచిత్రం తెలిసిందే. పరిశోధనకు జీతం ఇచ్చేది ప్రభుత్వం. పేపరు రాసే శాస్త్రవేత్తకు జర్నల్ పైసా ఇవ్వదు. దాన్ని తూకం వేసి మంచీ చెడూ చెప్పే పీర్ రివ్యూ కూడా తోటి శాస్త్రవేత్తలు ఊరికే చేసేదే. చివరకు అదే పేపరును విశ్వవిద్యాలయం చందా కట్టి తెచ్చుకోవాలి. వడ్లు పండించి, మిల్లు కూడా తానే ఆడించి అప్పగించిన రైతు, ఆ బియ్యాన్నే షావుకారు చెప్పిన ధరకు కొనుక్కున్నట్టుంటుంది ఇది. ఎల్సెవియర్ మాతృసంస్థ తన శాస్త్ర ప్రచురణల విభాగంలో ఆదాయంలో మూడో వంతుకు మించి లాభం చూపిస్తూ వస్తోందంటే ఆశ్చర్యమేముంది?

వరంగల్‌కు ఈ లెక్క ఆలస్యంగా తగిలింది. దేశంలోని మొదటి ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీకి 1959 అక్టోబరులో నెహ్రూ ఇక్కడ శంకుస్థాపన చేశారు. అదే నేటి ఎన్‌ఐటీ. కాకతీయ విశ్వవిద్యాలయం 1976లో ఏర్పడింది. ఆ రోజుల్లో విదేశీ జర్నల్ ఓడలో వచ్చి అల్మారా చేరేసరికి నెలలు పట్టేది. లేని పేపరు కావాలంటే రచయితకే పోస్టుకార్డు రాసి రీప్రింటు అడగడం దేశమంతటా పరిశోధకుల అలవాటు. లేదంటే శాస్త్ర పత్రాల నకళ్లు అందించడానికి 1952లో ఢిల్లీలో నెలకొల్పిన ఇన్‌స్డాక్ అనే ప్రభుత్వ కేంద్రానికి రుసుము కట్టి నకలు తెప్పించుకోవాలి, లేదా కాజీపేటలో రైలెక్కి హైదరాబాదు లైబ్రరీల్లో జెరాక్స్ తీయించుకోవాలి. 1991 జులైలో రూపాయి విలువ తగ్గించినప్పుడు డాలర్లలో, పౌండ్లలో కట్టాల్సిన చందాలు ఒక్కసారిగా పెరిగాయి. విశ్వవిద్యాలయాలు చేసింది ఒక్కటే: జర్నళ్ల జాబితా ముందేసుకుని పేర్లు కొట్టేయడం.

ఆ 1991లోనే, ఆగస్టులో, అమెరికాలోని లాస్ అలమోస్‌లో పాల్ గిన్స్‌పార్గ్ అనే భౌతిక శాస్త్రవేత్త పేపర్లను జర్నల్‌కు చేరకముందే అందరూ చూసేలా ఒక కంప్యూటర్‌లో పెట్టే ఏర్పాటు చేశాడు. అదే ఆర్కైవ్. 2001లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి మారింది. రాసేవారూ కట్టనక్కర్లేదు, చదివేవారూ కట్టనక్కర్లేదు. ఖర్చును కార్నెల్, సైమన్స్ ఫౌండేషన్, సభ్య లైబ్రరీలు, దాతలు పంచుకుంటారు. ఇంటర్నెట్ వచ్చాక హనుమకొండలో గణితమో భౌతికమో చేసే విద్యార్థి, ప్రిన్స్‌టన్ విద్యార్థి చూసిన రోజే కొత్త పేపరు చూడగలిగాడు. రసాయన శాస్త్రం, వైద్యం, వ్యవసాయం మాత్రం ఆ దారి పట్టడానికి చాలా ఏళ్లు తీసుకున్నాయి.

ఓపెన్ యాక్సెస్ అన్న పేరు స్థిరపడింది బుడాపెస్ట్‌లో. జార్జ్ సోరోస్ నెలకొల్పిన ఓపెన్ సొసైటీ ఇన్‌స్టిట్యూట్ 2001 డిసెంబరులో ఏర్పాటు చేసిన సమావేశం తర్వాత, 2002 ఫిబ్రవరి 14న ప్రకటన వెలువడింది. రెండు దారులు చెప్పారు: రచయిత తన పేపరు ప్రతిని ఉచిత భాండాగారంలో దాచడం ఒకటి, జర్నళ్లనే పాఠకులకు ఉచితం చేయడం రెండోది. రెండో దారికి డబ్బు ఎక్కడిది? బయోమెడ్ సెంట్రల్ అనే బ్రిటిష్ సంస్థ, ఆ తర్వాత అమెరికాలో శాస్త్రవేత్తలే పెట్టుకున్న పీఎల్‌ఓఎస్ ఇచ్చిన జవాబు: రచయిత కట్టాలి. 2003లో పీఎల్‌ఓఎస్ మొదటి జర్నల్ రుసుము 1,500 డాలర్లు. దీనినే ఏపీసీ (ఆర్టికల్ ప్రాసెసింగ్ ఛార్జ్) అంటున్నారు. పరిశోధన గ్రాంటులోనే ఇంత పక్కన పెడితే సరిపోతుందన్నది వారి ఆలోచన. అమెరికాలో గ్రాంటు ఉన్న ప్రొఫెసరుకు అది సరిపోయింది కూడా.

కథ ఇక్కడే మలుపు తిరిగింది. చందాల మీద బతికిన పెద్ద ప్రచురణ సంస్థలకు ఈ పద్ధతి శత్రువనుకున్నారు. వాళ్లు దాన్ని తమదిగా చేసుకున్నారు. బయోమెడ్ సెంట్రల్‌ను 2008లో స్ప్రింగర్ కొనేసింది. 2018 సెప్టెంబరులో యూరప్ నిధి సంస్థలు ‘ప్లాన్ ఎస్’ పేరుతో తమ డబ్బుతో జరిగిన పరిశోధన వెంటనే అందరికీ ఉచితంగా దొరకాలని షరతు పెట్టాయి. ‘నేచర్’ పత్రిక 2021 నుంచి ఆ సౌకర్యానికి పెట్టిన ధర 9,500 యూరోలు. అప్పటి మారకంలో ఎనిమిదిన్నర లక్షల రూపాయలు. జాతీయ అర్హత పరీక్ష ‘నెట్’ రాసి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకున్న స్కాలరుకు ఇప్పుడు నెలకు వచ్చేది 37,000 రూపాయలు. లెక్క వేసుకుంటే అటూ ఇటూగా రెండేళ్ల ఫెలోషిప్. నెట్ అర్హత లేనివారికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) ఇచ్చే చిన్న ఫెలోషిప్ కేంద్రీయ విశ్వవిద్యాలయాలకే పరిమితం. కాకతీయ, శాతవాహన, తెలంగాణ విశ్వవిద్యాలయాల్లో ఏ ఫెలోషిప్పూ లేని స్కాలరు ముందు ఏపీసీ మాట ఎత్తడమే వెటకారంగా ఉంటుంది.

పేద దేశాల రచయితలకు రుసుము మాఫీ ఉందని ప్రచురణకర్తలు చెబుతారు. ఉంది. అయితే దేశ ఆర్థిక వ్యవస్థ మొత్తం పరిమాణాన్ని కూడా చూసి గీసిన ఆ జాబితాల్లో భారతదేశానికి సాధారణంగా చోటు దక్కదు. దేశం పెద్దది కాబట్టి స్కాలరు కూడా ధనవంతుడేనన్న మాట.

డబ్బు రచయిత నుంచి వస్తుందనగానే దొంగ జర్నళ్లు పుట్టాయి, అదీ మన ముంగిట్లోనే. హైదరాబాదు కేంద్రంగా వందల జర్నళ్లు నడిపిన ఓమిక్స్ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. పీర్ రివ్యూ పేరుతో రచయితలను మోసగించిందంటూ 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పిచ్చింది. ఇలాంటివాటికి గిరాకీ సృష్టించింది మాత్రం మన నియమాలే. అధ్యాపకుల పదోన్నతికి 2010లో యూజీసీ పెట్టిన పాయింట్ల లెక్క, థీసిస్ ఇచ్చేముందు పేపరు ఉండితీరాలన్న నిబంధన కలిసి, కొన్ని వేల రూపాయలకు వారంలో పేపరు వేసిపెట్టే అంగళ్లను నిలబెట్టాయి. యూజీసీ 2018 మేలో తన జాబితా నుంచి 4,305 జర్నళ్లను తొలగించింది, తర్వాత నమ్మదగిన జర్నళ్లతో ‘కేర్’ జాబితా తెచ్చింది, 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఎత్తేసింది. థీసిస్‌కు పేపరు తప్పనిసరి అన్న నిబంధన 2022లో పోయింది. జాబితాలు మారాయి, అంగళ్లు మూతపడలేదు. వీటిని చూపించి ఓపెన్ యాక్సెస్ మొత్తం బూటకమనడం మాత్రం అన్యాయం.

ఎందుకంటే ఎవరి దగ్గరా రుసుము తీసుకోని పద్ధతి మనకు కొత్త కాదు. సి.వి. రామన్ 1934లో నెలకొల్పిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ తన జర్నళ్ల పేపర్లను ప్రభుత్వ గ్రాంటు ఆసరాతో ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచింది. ముంబైలో మెడ్‌నో అనే చిన్న సంస్థ వైద్య సంఘాల జర్నళ్లను రచయిత రుసుము లేకుండా, అచ్చు ప్రతుల చందాలతోనే నెట్టుకొచ్చి చూపించింది. 2011లో దాన్ని వోల్టర్స్ క్లూవర్ అనే విదేశీ ప్రచురణ సంస్థ కొనుక్కుంది. నడిచినంతకాలం బాగా నడిచిన ప్రతి ఏర్పాటునూ ఎవరో ఒకరు కొనుక్కోవడం ఈ చరిత్రలో పదే పదే కనిపిస్తుంది. అమ్ముడుపోనిది ఏదైనా ఉంటే అది ప్రజల పేరిట ఉన్నదే. హనుమకొండలో 1904లో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయాన్ని చందాలు వేసుకుని నిలబెట్టినవారు నిజాం రాజ్యంలో తెలుగు చదివేవారికి ఒక చోటు కావాలనుకున్నారు. తర్వాత గ్రంథాలయ చట్టాలు వచ్చాయి. ఈ రోజుకూ ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా కడుతున్నాం, పఠన మందిరంలో దినపత్రిక చదివేవారిని ఎవరూ టికెట్ అడగరు. ఆ సెస్సు గ్రంథాలయ సంస్థలకు సమయానికి చేరుతుందా అన్నది వేరే తగాదా.

శాస్త్ర జర్నళ్ల విషయంలో మన ప్రభుత్వాలు ఆ దారి కాక చందా దారే పట్టాయి. 2003లో జర్నళ్లకు ఉమ్మడిగా చందా కట్టే ఇండెస్ట్ కూటమి ఐఐటీలతో పాటు ఎన్‌ఐటీలకు జర్నళ్లు తెచ్చింది. దాదాపు అదే సమయంలో యూజీసీ-ఇన్‌ఫోనెట్ విశ్వవిద్యాలయాలకు వచ్చింది. కాలేజీలకు 2010 ప్రాంతంలో ఎన్-లిస్ట్. కాజీపేట రోడ్డులోని ఎన్‌ఐటీలో తెరుచుకునే పేపరు విద్యారణ్యపురిలోని విశ్వవిద్యాలయంలో తెరుచుకోకపోవచ్చు, డిగ్రీ కాలేజీలో అసలు పేరే వినపడకపోవచ్చు. ఆ సందుల్లో నిండింది సై-హబ్. కజకిస్తాన్‌కు చెందిన అలెగ్జాండ్రా ఎల్బాక్యాన్ 2011లో మొదలుపెట్టిన ఈ చోరీ గ్రంథాలయాన్ని ఎక్కువగా వాడిన దేశాల్లో మనదీ ఒకటి. మూడు పెద్ద ప్రచురణ సంస్థలు 2020 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. 2025 ఆగస్టులో కోర్టు దాన్ని అడ్డుకోవాలని ఆదేశించింది.

డబ్బు ఖర్చు లేని మార్గం మరొకటి కాగితం మీద ఉంది. కేంద్ర బయోటెక్నాలజీ, శాస్త్ర సాంకేతిక విభాగాలు 2014లోనే, తమ నిధులతో వచ్చిన పేపరు ప్రతిని భాండాగారంలో ఉంచాలని విధానం ప్రకటించాయి. ఉంచనివారిని అడిగినవారు లేరు. అదే యూజీసీ 2009లో పీహెచ్‌డీ థీసిస్‌ల ఎలక్ట్రానిక్ ప్రతి ఇవ్వాలని నిబంధన పెడితే, శోధ్‌గంగ అనే ఉచిత ఆన్‌లైన్ భాండాగారం లక్షల థీసిస్‌లతో నిండింది. డిగ్రీకి ముడిపెట్టిన నియమం పాటించారు, దేనికీ ముడిపెట్టనిది మరిచారు.

ఇప్పటి పథకంలో రచయిత రుసుములకు కూడా కొంత సొమ్ము కేటాయించారు. జర్నళ్ల వాడకాన్ని, భారతీయ రచయితల ప్రచురణలను ఎప్పటికప్పుడు సమీక్షించే బాధ్యత పరిశోధనకు నిధులిచ్చే కేంద్ర సంస్థ అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌ది. ఆ సమీక్షలో వరంగల్ లాంటి ఊళ్లు అడిగి రాబట్టుకోవలసిన లెక్కలు రెండున్నాయి: 6,000 కోట్లలో మన పరిశోధకులే రాసి ఇచ్చిన పేపర్లు చదవడానికి ఎంత పోయింది, మన సొంత జర్నళ్ల కోసం ఎంత మిగిలింది. ఒప్పందాల గడువు 2027 చివర్లో తీరుతుంది. కొత్త ధర మీద బేరం అంతకు ముందే మొదలవుతుంది, ప్రైవేటు కాలేజీలు ఏ వైపు ఉండాలన్నదీ అప్పుడే తేలాలి.