అపోహలు - వాస్తవాలు: స్టార్ట్ బటన్ గీస్తే ఓఎస్ అయితదా?

"సార్, నేను ఓఎస్ తయారు చేసిన."

ఓఎస్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్, కంప్యూటర్‌ను నడిపించే అసలు సాఫ్ట్‌వేర్. హన్మకొండలో ప్రోగ్రామింగ్ చెప్పడం మొదలుపెట్టిన నాటి నుంచి ఏటా నలుగురైదుగురు పిల్లలు ఈ మాట అంటూ నా ముందర లాప్‌టాప్ తెరుస్తున్నారు. పోయిన వారం పరకాల నుంచి వచ్చే పాలిటెక్నిక్ అమ్మాయి తెరిచింది. పైథాన్ భాషలో, తెర మీద కిటికీలు, బటన్లు గీసే టీకింటర్‌తో చేసింది. నల్ల తెర మీద లోడింగ్ గీత నిండింది. పాస్‌వర్డ్ అడిగింది. వాల్‌పేపర్‌గా వేయిస్తంభాల గుడి, కింద స్టార్ట్ బటన్, మూలకు గడియారం. నాలుగు నెలల కష్టం. చూపిస్తుంటేనే కళ్లల్ల నీళ్లు తిరిగినయి. క్లాసులో ఎవరో "ఇది ఓఎస్ కాదు, ఉత్త బొమ్మ" అన్నరట. రెజ్యూమెలో రాసుకుంది, ఇప్పుడు కొట్టెయ్యాల్నా అని ఆమె భయం.

ఆ అమ్మాయికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. అందరికీ ఒక్కొక్కరిగా చెప్పడం నా వల్ల కావడం లేదు.

అపోహ: తెర మీద కనబడేదే ఓఎస్.

వాస్తవం: మైక్రోసాఫ్ట్ వాళ్ల పాత ఎంఎస్-డాస్‌కు కిటికీల్లేవు, ఐకాన్లు లేవు, అయినా అది ఓఎస్సే. 1985లో వచ్చిన విండోస్ 1.0 ఆ డాస్ మీద కూర్చునే నడిచింది. కాజీపేట జంక్షన్ చూడండి. సికింద్రాబాద్, బల్లార్షా, విజయవాడ వైపు లైన్లు అక్కడ కలుస్తాయి. ప్లాట్‌ఫారం మీది బోర్డులో బండి పేరు, టైం వస్తాయి. ఆ బోర్డు పాడైతే మనకు తిప్పలే గాని బండ్లు ఆగవు. ఏ బండిని ఔటర్‌లో నిలపాలి, దేనికి ముందు లైన్ ఇవ్వాలి అని చూసే మనిషి లేకపోతే మాత్రం ఒక్క బండి కదలదు. ఓఎస్ చేసేది ఆ మనిషి పని. ప్రాసెసర్ ఎవరికి ఎంతసేపు ఇయ్యాలి, మెమరీలో ఎవరి జాగా ఎక్కడిదాకా, డిస్క్ దగ్గర ముందు వంతు ఎవరిది.

ఇది తెల్వక పిల్లలు బోర్డుకు రంగులు వేస్తూ నెలలకు నెలలు పోగొట్టుకుంటున్నారు. ఐకాన్ గుండ్రంగా రావాలని వారం, లోడింగ్ గీత మెల్లగా నిండాలని ఇంకో వారం. తర్వాత ఎవరో ఒక్క ప్రశ్న అడుగుతారు, పునాదే కదిలిపోతుంది. "నాకు కోడింగ్ రాదు" అని పక్కకు పెట్టేసినవాళ్లను నేను చూశాను. నాకు కోపం వచ్చేది అందుకే. పిల్లల మీద కాదు, వాళ్లకు సగం మాట చెప్పి వదిలేసేవాళ్ల మీద.

నేను అందరినీ ఒక్కటే అడుగుతాను: "గడియారం మీద కన్నువెట్టి కాలిక్యులేటర్ తెరువమ్మా." ఆమె తెరిచింది. "లోడింగ్" అని చూపించడానికి మధ్యలో మూడు సెకన్ల స్లీప్, అంటే ప్రోగ్రామ్‌ను ఆపి ఉంచే ఆదేశం, పెట్టింది. ఆ మూడు సెకన్లూ గడియారం కదలలేదు.

"ఆగింది సార్."

"ఎందుకాగింది?"

ఆ ప్రశ్న నాది కాదు. 2003లో ఒక లెక్చరర్ సార్ నన్ను అడిగిన ప్రశ్న. అప్పుడు మా ఇంట్లో కంప్యూటర్ లేదు. గంటకింత అని నెట్ సెంటర్‌లో కట్టి, సి భాష రాసే టర్బో సిలో 640 బై 480 గ్రాఫిక్స్‌తో విండోస్ లాంటి తెర గీసిన. కాలిక్యులేటర్‌లో అంకెలు తీసుకోవడానికి స్కాన్‌ఎఫ్ పెట్టిన. ఎంటర్ కొట్టేదాకా అది అక్కడే కూర్చుంటుంది, దానితోపాటు గడియారం కూడా. సార్ బొమ్మ అనలేదు, శభాష్ అనలేదు. "ఒకడు ఆగితే అందరూ ఎందుకు ఆగాలె బిడ్డా?" అన్నడంతే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ తర్వాత పదకొండేళ్లు చిన్న చిన్న సర్క్యూట్ బోర్డులకు కోడ్ రాసి బతికిన. ఆ పదకొండేళ్లూ ఆ ప్రశ్న చుట్టూ తిరిగినవే.

జవాబు మెట్టుమెట్టుగా వస్తుంది. మొదటి మెట్టు: ప్రతి అప్లికేషన్‌నూ కొంచెం పని చేసి వెనక్కి వచ్చే ఫంక్షన్‌గా రాయండి. పైథాన్‌లో అయితే మధ్యలో ఆగి, మళ్లీ అక్కడి నుంచే సాగనిచ్చే యీల్డ్ ఉంది, ఇంకా సులువు. అన్నిటినీ ఒక లిస్టులో పెట్టి వంతులవారీగా పిలవండి. రౌండ్ రాబిన్ అంటే ఇదే. గడియారం ఆగదు, కాలిక్యులేటర్ ఆగదు.

రెండో మెట్టు: కావాలనే ఒక అప్లికేషన్‌లో అంతులేని లూప్ పెట్టండి. మొత్తం బిగుసుకుపోతుంది. సిగ్గుపడకండి, విండోస్ 3.1లోనూ ఇదే తిప్పలు ఉండేది. ప్రోగ్రామ్ తనంతట తాను వదిలితేనే ఇంకో దానికి వంతు. విండోస్ 95 వచ్చాక 32 బిట్ ప్రోగ్రాముల నుంచి ఓఎస్ ప్రాసెసర్‌ను గుంజుకోవడం మొదలైంది. ఇయ్యనివాడి దగ్గర ఎట్ల గుంజుకోవాలి? దానికి టైమర్ ఇంటరప్ట్ కావాలి, అంటే నడుస్తున్న పనిని ఆపి ప్రాసెసర్‌ను పిలిచే సిగ్నల్. డాస్ రోజుల పీసీలో టైమర్ సెకనుకు సుమారు 18 సార్లు ప్రాసెసర్ భుజం తట్టేది.

మీ పైథాన్ ప్రోగ్రామ్ ఇంకో ఓఎస్ కింద కిరాయికి ఉంటుంది, ఆ టైమర్ దాని చేతిలో ఉండదు. కాబట్టి మూడో మెట్టు: ఒక ఉత్తుత్తి ప్రాసెసరే మీరు రాయండి. కూడు, తీసెయ్యి, దూకు, చూపించు, ఆగు - ఐదారు ఆదేశాలు చాలు. ప్రతి ప్రోగ్రామ్ ఈ ఆదేశాల లిస్టు. పది ఆదేశాలు నడపండి, ఎక్కడిదాకా వచ్చిందో రాసి పెట్టుకోండి, రెండోదానికి వెళ్లండి. ఇప్పుడు లోపల ఎవరు అంతులేని లూప్ పెట్టినా మీ గడియారం నడుస్తుంది. అట్ల రాసి పెట్టుకుని ఇంకోదానికి మారడమే కాంటెక్స్ట్ స్విచ్. ఒక్క బటన్ గీయకుండా, రెండు మూడు వందల లైన్లలో అయిపోయే పని ఇది. ఓఎస్ పుస్తకంలో నెల రోజులు అర్థం కాని అధ్యాయం, దీన్ని రాసిన రోజు అర్థమైతది.

రెజ్యూమె సంగతి. "సొంత ఓఎస్ తయారు చేశాను" అన్న లైన్ కొట్టెయ్యమన్నాను. మూడో మెట్టు ఎక్కాక "షెడ్యూలర్ సిమ్యులేటర్ రాశాను" అని రాసుకోమన్నాను. ఓఎస్‌లో ఎవరి వంతు ఎప్పుడో చూసే భాగమే షెడ్యూలర్. అప్పుడు ఇంటర్వ్యూలో ఆమెకు తెలిసిందే అడుగుతారు. నాలుగు నెలల తెర కూడా వృథా కాదు, దాన్ని ఈ షెడ్యూలర్ మీద కూర్చోబెట్టొచ్చు.

మిగతా అపోహలు తొందరగా చెప్పేస్తాను. ఓఎస్ మొత్తం ప్రాసెసర్ ఆదేశాలను నేరుగా రాసే అసెంబ్లీ భాషలోనే రాయాలంటారు. యునిక్స్ అనే ఓఎస్‌ను 1973లోనే సి భాషలో తిరగరాశారు, అసెంబ్లీ కొద్ది చోట్లే కావాలి. లైనస్ టోర్వాల్డ్స్ గాల్లోంచి లినక్స్ అనే ఓఎస్ పుట్టించాడంటారు. 1991లో ఆయన దగ్గర పాఠాల కోసం రాసిన చిన్న ఓఎస్ మినిక్స్ ఉంది, కోడ్‌ను మెషిన్ భాషలోకి మార్చే గ్నూ కంపైలర్ ఉంది. మొదటి 0.01 వెర్షన్ సుమారు పది వేల లైన్లు. "పదో తరగతి పిల్లగాడు విండోస్‌ను మించిన ఓఎస్ చేసిండు" అని వాట్సాప్‌లో తిరిగేవి నాకు పంపకండి. పంపినవాటిని తెరిచి చూస్తే వాల్‌పేపర్ మార్చిన లినక్సే కనబడింది. అవి చూసి మీ పిల్లల్ని పోల్చకండి.

"ఇట్ల చేస్తే కంప్యూటర్ ఖరాబైతదా సార్?" అని తల్లిదండ్రులు అడుగుతారు. పైథాన్‌లో ఇట్లాంటిది రాసినందుకు ఏమీ కాదు. బూట్ సెక్టార్, అంటే డిస్కు మొదట్లో ఉండి కంప్యూటర్‌ను స్టార్ట్ చేసే చిన్న కోడ్, రాసే దశకు వస్తే, ఆ 512 బైట్లను క్యూఈఎంయూ అనే ఉత్తుత్తి కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌లో నడపండి, అందులో ఎన్నిసార్లు చెడినా నష్టం లేదు. ప్రమాదం పెన్‌డ్రైవ్‌కు ఎక్కించేటప్పుడు. నర్సంపేట పిల్లవాడొకడు డిస్క్ పేరు తప్పు కొట్టి అక్క పెండ్లి ఫొటోలన్నీ పోగొట్టుకున్నడు. పెన్‌డ్రైవ్ పెట్టకముందు డిస్కుల లిస్టు చూడండి, పెట్టినంక మళ్లీ చూడండి. కొత్తగా వచ్చిన పేరే మీది. దాన్ని కాగితం మీద రాసుకున్నాకే ఎంటర్ కొట్టండి.