గునుగుకు ఎవరు చెప్పారు?

పిల్లలూ,

మా ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారు, నా కూతురి బిడ్డలు. పెద్దది ఆరో తరగతి, చిన్నది రెండో తరగతి. వాళ్ళుండేది హైదరాబాద్‌లో, మూడో అంతస్తులో. నేను ఊరి నుంచి వచ్చి నెల దాటింది. ఈ నెల రోజులూ సాయంత్రమైతే చాలు, ఒక పంచాయితీ వింటున్నాను. వాళ్ళమ్మ పెట్టిన రూలు ఏమిటంటే, కింద ఎంతసేపైనా ఆడుకోవచ్చు కానీ వీధి లైట్లు వెలగగానే పైకి వచ్చేయాలి. జూన్‌లో బడి తెరిచినప్పుడు ఈ రూలు ఇద్దరికీ తెగ నచ్చింది. ఇప్పుడు నచ్చడం లేదు. "అమ్మా, ఇంకా ఆరున్నర గూడ కాలేదు, అప్పుడే రమ్మంటవేంది" అని పెద్దది గేటు దగ్గర నుంచే అరుస్తుంది. వాళ్ళమ్మ బాల్కనీలోంచి వీధి లైటు వైపు వేలు చూపిస్తుంది. చిన్నది రెండు చెప్పులూ చేత్తో పట్టుకుని ఏడుపు మొహంతో మెట్లెక్కుతుంది.

ఆ పంచాయితీకీ నేను చెప్పబోయే పూల సంగతికీ సంబంధం ఉంది. మొన్న శనివారం దాకా నాకూ తట్టలేదు.

ఆ మర్నాడు పెత్తరమాస, అంటే భాద్రపద అమావాస్య. ఎంగిలిపూల బతుకమ్మ ఆ రోజే, తొమ్మిది రోజుల పండుగకు అదే మొదలు. మా అల్లుడు పొద్దున్నే గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు పోయి తంగేడు, గునుగు, బంతి తెచ్చాడు. హాల్లో పాత దుప్పటి పరిచి అన్నీ కుప్ప పోశాం. పెద్దది కత్తెర పట్టుకుని గునుగు కాడలు సమానంగా కత్తిరిస్తోంది, చిన్నది వాటిని గుప్పెడు గుప్పెడు దారంతో కడుతోంది, వాళ్ళమ్మ గిన్నెల్లో రంగులు కలుపుతోంది. గునుగు పువ్వును మీరెప్పుడైనా దగ్గరగా చూశారో లేదో. దీపం వత్తిలా నిటారుగా ఉంటుంది, కింద వెండిలా తెలుపు, కొసకు పోయేకొద్దీ లేత గులాబీ. వేళ్ళ మధ్య పెట్టి నలిపితే పువ్వులా మెత్తగా ఉండదు, కాగితంలా గరగరమంటుంది. అందుకే రోజులు గడిచినా వాడినట్టు కనిపించదు, రంగులో ముంచినా చెదిరిపోదు. చిన్నది ఒక ముదురు కంకిని స్టీలు పళ్ళెం మీద దులిపింది. టిక్ టిక్ మని గింజలు రాలాయి, ఆవగింజ కంటే చిన్నవి, నూనె రాసినట్టు నల్లగా నిగనిగలాడుతున్నాయి. వాటిని వేలితో అటూ ఇటూ జరుపుతూ అడిగింది.

"తాతా, పండుగ వచ్చిందని గునుగుకు ఎవరు చెప్పిన్రు?"

పెద్దది వెంటనే అందుకుంది. "వానలు పడ్డయి గదా, అందుకే పూసింది." దానికి చిన్నది ఊరుకోలేదు. "వానలు జులైలో గూడ పడ్డయి, మా స్కూల్‌కు సెలవు గూడ ఇచ్చిన్రు. మరి అప్పుడే ఎందుకు పూయలే?"

నాకు వెంటనే జవాబు రాలేదు. మా అమ్మ గుర్తొచ్చింది.

మాది వరంగల్ వైపు పల్లె. చెరువు కింద కొంచెం పొలం, మిట్ట మీద రెండెకరాల చెల్క ఉండేవి. చెల్కలో జొన్న, కంది వేసేవాళ్ళం. ఆ చేలో గునుగు అంటే కలుపు మొక్క. శ్రావణంలో అమ్మ నడుం వంచి కలుపు తీస్తుంటే, నేను వెనక నడుస్తూ తీసింది తీసినట్టు గట్టు మీద వేసేవాణ్ని. గునుగు కనిపిస్తే అమ్మ వదిలేది కాదు, వేరుతో సహా పీకేది. కానీ చేను కొసన, తుమ్మచెట్టు దగ్గర, నాలుగు మూరల జాగాలో మాత్రం కొడవలి పెట్టేది కాదు. ఒకసారి అమ్మకు సాయం చేద్దామని నేనే అక్కడ పీకడం మొదలుపెట్టాను. "అది ముట్టకు బిడ్డా, అది బతుకమ్మది" అంది. అప్పటికి అక్కడ ఒక్క పువ్వు లేదు, ఉత్త ఆకులు. ఆ ఆకుల్ని చూసి నెలన్నర తరువాత రాబోయే పూలను అమ్మ ముందే లెక్కలో వేసుకుంది.

పెత్తరమాసకు ముందు రోజు చీకటితోనే లేచి నేనూ మా అక్కలిద్దరూ గంప పట్టుకుని పోయేవాళ్ళం. పూలు తేవడం మగపిల్లల పని, పేర్చడం ఆడపిల్లల పని అని ఊళ్ళో అనేవాళ్ళు గానీ, గట్టు మీద మా అక్కలు ఎప్పుడూ నాకంటే ముందే నడిచేవాళ్ళు. మంచుకు తడిసిన గడ్డి మోకాళ్ళ దాకా చల్లగా తగిలేది. తంగేడు కొమ్మ వంచితే నీళ్ళన్నీ నెత్తిన పడేవి. తుమ్మచెట్టు కిందికి చేరేసరికి ఆ నాలుగు మూరల జాగా తెల్లగా మెరుస్తూ ఉండేది, ఏ ఏడూ తప్పింది లేదు. ఎప్పుడూ ఉండే దాన్ని ఎందుకుందని అడగాలని నాకు తోచలేదు. మా చిన్నదానికి తోచింది.

సరే, గునుగుకు ఎవరు చెప్పారు? చీకటి చెప్పింది. మీ ఆటను మధ్యలో ఆపిన చీకటే.

ఎలాగో తెలియాలంటే రాత్రి మీ అమ్మ పాలు తోడుపెట్టేటప్పుడు పక్కన నిలబడి చూడండి. గోరువెచ్చని పాలలో చెంచాడు పెరుగు వేసి, మూత పెట్టి, ఒక మూలన ఉంచుతుంది. ఇక దాన్ని ఎవరూ కదిలించకూడదు. కదిలించకుండా కొన్ని గంటలు ఉంటేనే పొద్దునకు గడ్డ పెరుగవుతుంది. మధ్యలో తీసి చూస్తే ఉత్త పాలే. నడిరాత్రి ఎవరైనా మూత తీసి గరిటె పెట్టి కలిపారనుకోండి, అంతసేపు తోడుకున్నది కాస్తా చెదిరిపోతుంది. మొక్క ఆకులోనూ రోజూ అలాంటి పనే ఒకటి జరుగుతుంది. పొద్దు గుంకగానే ఆకు తోడుపెట్టిన గిన్నె అయిపోతుంది. చీకటి చెదరకుండా చాలినన్ని గంటలు ఉంటేనే దానిలోపల ఒకటి తోడుకుంటుంది. అలాంటి రాత్రులు వరుసగా కొన్ని గడిస్తే, ఇక పూయొచ్చు అని ఆకు కబురు పంపుతుంది. ఎండాకాలం రాత్రులు కురచ, తోడుకునే లోపే తెల్లారిపోతుంది, కాబట్టి మొక్క ఆకులు వేసుకుంటూ పెరుగుతూ పోతుందే గానీ పూయదు. చేమంతి, గునుగు ఇలా రాత్రి పొడవును బట్టి పూసే రకాలు. తంగేడు దారి వేరు. ఏడాదిలో చాలా నెలలు దాని మీద నాలుగు పూలైనా కనిపిస్తాయి, వానలు తాగాక విరగబూస్తుంది.

ఇక్కడ మీకు మామూలు అంకెలు కొన్ని చెప్పాలి. హైదరాబాద్‌లో జూన్ 21న పగలు సుమారు 13 గంటల 10 నిమిషాలు, రాత్రి 11 గంటల లోపే. సెప్టెంబర్ 22, 23 వచ్చేసరికి పగలూ రాత్రీ ఇంచుమించు సమానం. అంటే మూడు నెలల్లో రాత్రి పెరిగింది గంటా చిల్లర. లెక్క వేసి చూడండి, రోజుకు ఒక్క నిమిషం కూడా పడదు! రోజుకు నిమిషం కంటే తక్కువ తేడాను మనం వాచీ పెట్టుకుని కూడా పట్టుకోలేం. కళ్ళు లేని గునుగు, చేను గట్టు మీద నిలబడి పట్టుకుంటోంది. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఇది మొదట బయటపడింది పొగాకు మొక్క దగ్గర. అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక రకం పొగాకును చూశారు. ఎండాకాలమంతా మనిషిని మించి పెరిగేది, పూసేది మాత్రం కాదు. వేడి చాలలేదేమో, ఎరువు చాలలేదేమో అని అన్నీ చూశారు. చివరికి ఇంకా పొద్దు ఉండగానే కుండీలను చీకటి కొట్టంలోకి చేర్చి, తెల్లారి ఎండ ఎక్కాక బయటికి తెచ్చారు. మొక్కకు రాత్రి పెద్దదైంది, పూసింది. 1920లో ఆ సంగతి అచ్చు వేయించారు. ఆ తరువాత 1930లలో చైలాఖ్యాన్ అనే సోవియట్ శాస్త్రవేత్త, చీకటిని లెక్కపెట్టేది పూసే కొమ్మ చివర కాదనీ, కింది ఆకులనీ చూపించాడు. ఆకుల్లో తోడుకున్నది కొమ్మ కొసకు చేరి పువ్వవుతుంది. కవ్వం పెట్టి చిలికితే పెరుగులో ఉన్న వెన్న పైకి తేలుతుంది చూశారా, అలాగన్నమాట. ఈ పండుగలో ఎనిమిదో రోజును వెన్నముద్దల బతుకమ్మ అంటారు. నాకు మాత్రం కొమ్మ చివర ఉన్న ప్రతి గునుగు పువ్వూ ఒక వెన్నముద్దలాగే కనిపిస్తోంది.

ఇదంతా చెప్పాక పెద్దది కత్తెర పక్కన పెట్టి నన్ను రెండు మాటలు అడిగింది. మొదటిది, "తాతా, ఎండాకాలంలో పెరుగు ఇంకా తొందరగా తోడుకుంటది గదా?" నిజమే. పాలకు వేడి కావాలి, ఆకుకు చీకటి కావాలి. అంతవరకు పెరుగు పోలిక పనికిరాదు. కదిలించకూడదన్న వరకే తీసుకోండి.

రెండోది గట్టి ప్రశ్న. బతుకమ్మ 2023లో అక్టోబర్ 14న మొదలైంది, 2024లో అక్టోబర్ 2న, ఈ ఏడు 2025లో సెప్టెంబర్ 21నే వచ్చింది. ఏటా తారీఖు మారుతుంటే గునుగు దేన్ని చూసి పూయాలి? పండుగ చంద్రుణ్ని చూసి వస్తుంది, గునుగు సూర్యుణ్ని చూసి పూస్తుంది. మన చాంద్రమాన సంవత్సరం 354 రోజులే, సూర్యుడి లెక్కకు దాదాపు 11 రోజులు తక్కువ. అందుకే పండుగ ఏటా పదకొండు పన్నెండు రోజులు ముందుకు జరుగుతూ ఉంటుంది. మరీ జరిగిపోకుండా రెండు మూడేళ్ళకోసారి ఒక అధిక మాసం కలిపి వెనక్కి తెస్తారు. 2023లో శ్రావణం రెండుసార్లు వచ్చింది గుర్తుందా, అదే. కాబట్టి పండుగ ఎంత అటూ ఇటూ తిరిగినా ఒక నెల పరిధి దాటదు. గునుగు కంకి కూడా ఒక్కరోజులో పూసి రాలిపోయేది కాదు, అడుగు నుంచి కొసకు వారాల తరబడి పూస్తూనే ఉంటుంది. పండుగ ఏ వారం వచ్చినా దాని చేతిలో పూలుంటాయి. గునుగుకు పండుగ సంగతి ఎవరూ చెప్పలేదు బిడ్డా, పూలు ఎప్పుడుంటాయో చూసుకుని ఆడవాళ్ళు అప్పుడు పండుగ పెట్టుకున్నారని నేను అనుకుంటాను. మా అమ్మలాంటి వాళ్ళు.

ఒక మాట కూడా వినండి. చేలకు పోయి పూలు కోసుకునే వీలున్న పిల్లలు చివరి కంకి దాకా కోయకండి. ఆ నల్ల గింజలు నేల మీద రాలితేనే వచ్చే ఏడు పూలు. కొనుక్కునే వాళ్ళు ప్లాస్టిక్ పూలు కలపకండి, చెరువు వాటిని తీసుకోదు.

ఇక మా బాల్కనీ సంగతి. పోయిన ఏడు మా అమ్మాయి ఒక చేమంతి కుండీ కొన్నది. కొన్నప్పటి పూలు పోయాక అది మళ్ళీ పూయనే లేదు. ఆకులు మాత్రం గుబురుగా ఉన్నాయి. ఎరువు వేసింది, కుండీ మార్చింది, అమ్మినవాణ్ని తిట్టుకుంది. శనివారం ఈ మాటలన్నీ అయ్యాక రాత్రి పదింటికి బాల్కనీలోకి పోతే ట్యూబ్‌లైటు సరిగ్గా ఆ కుండీ నెత్తి మీద వెలుగుతోంది. రోజూ పదకొండింటికి పడుకునే ముందు ఆపుతారట. పదకొండు నుంచి పొద్దున ఆరు దాకా ఏడు గంటల చీకటి. జూన్‌లో వచ్చే అతి చిన్న రాత్రి కూడా ఇంతకంటే పెద్దది! పాపం ఆ చేమంతికి ఏడాదిగా ఒక్క రాత్రి కూడా తోడుకోలేదు. పూలు పెంచేవాళ్ళకు ఈ కిటుకు తెలుసు. చేమంతి తొందరగా పూయకుండా ఆపాలంటే రాత్రి తోటలో బల్బులు వెలిగిస్తారు, ముందే పూయించాలంటే సాయంత్రమే నల్లగుడ్డ కప్పుతారు.

మీరూ ఒక పని చేయండి. ఒకేలాంటి చిన్న చేమంతి మొక్కలు రెండు తెచ్చుకోండి, మొగ్గ లేనివి. ఒకటి లైటు వెలిగే చోట, ఒకటి చీకటి పడగానే చీకటిగా ఉండే చోట పెట్టండి. పగలు రెండింటికీ ఒకే ఎండ, ఒకే నీళ్ళు. కొమ్మల చివర చిన్న పచ్చ బొడిపెలు ముందు దేనికి వస్తాయో రోజూ చూసి నోట్‌బుక్‌లో రాయండి. వీధి లైటు కింద ఉన్న మొక్కలనూ, దూరంగా ఉన్న మొక్కలనూ పోల్చి చూడండి. నేను చెప్పింది తప్పని తేలితే ఇంకా మంచిది, నాకు రాసి పంపండి.

మా వాళ్ళు రెండో కుండీ వచ్చేదాకా ఆగలేదు. ఇప్పుడు రోజూ వీధి లైట్లు వెలగగానే ఇద్దరూ ఎవరూ పిలవకుండానే పైకి పరుగెత్తుకొస్తున్నారు, కూలర్ వచ్చిన అట్టపెట్టెను చేమంతి మీద బోర్లించడానికి. ఎవరు బోర్లించాలన్నది కొత్త పంచాయితీ. ఇదిగో, నేను ఈ ఉత్తరం రాస్తుంటే చిన్నది సెల్‌ఫోన్ టార్చి పట్టుకుని బాల్కనీ తలుపు దగ్గర నిలబడింది. "తాతా, తోడుకుందో లేదో ఒక్కసారి చూసి మూసేస్తా" అంటోంది.

తెల్లారేదాకా ముట్టొద్దన్నాను.

మీ తాత