జీపుకి చలిజ్వరమా?

చిట్టీ, బుజ్జీ,

దసరా సెలవుల్లో పాడేరు దారిలో కల్వర్టు దగ్గర గుంతలో పడగానే మన జీపు స్టీరింగు గడగడ వణికింది, గుర్తుందా? నాన్నమ్మ ఆంజనేయ దండకం ఎత్తుకుంది. "తాతయ్యా, జీపుకి చలిజ్వరమా?" అని బుజ్జి అడిగాడు. ఇప్పుడు జ్వరం తగ్గింది కాబట్టి తీరిగ్గా జవాబు రాస్తున్నాను.

మా చిన్నప్పుడు ఇంట్లో ఒక నులక మంచం ఉండేది. నలుగురం ఎక్కి గెంతి గెంతి దాని కోళ్లన్నీ వదులు చేశాం. కూర్చుంటే ఊగేది. ఏ కోడు వదులైందో చూస్తే తెలిసేది కాదు. మా తాత నన్ను పట్టె పట్టుకుని మెల్లగా ఊపమని, తను కళ్లు మూసుకుని ఒక్కో మూల అరచెయ్యి వేసేవాడు. వదులున్న చోట చేతికి టక్కుమని తగిలేది. అక్కడ వెదురు చీలిక కొట్టేవాడు. నేను గట్టిగా ఊపితే మొట్టికాయ పడేది. గట్టిగా ఊపితే అన్నీ కదులుతాయట!

జీపూ ఆ మంచంలాంటిదే. మీరు పట్టుకునే స్టీరింగు నుంచి చక్రం దాకా స్టీరింగు బాక్సు, దాని కదలికని చక్రాల వైపు చేర్చే డ్రాగ్ లింకు, ముందు చక్రాలు రెండూ కలిసి తిరిగేలా కలిపే టై రాడ్లు, చక్రం పక్కకి తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్నులు, ఇలా ఎన్నో అతుకులు. ఒక్కోచోట గోరంత వదులు. అన్నీ కలిస్తే, గుంతలో అదిరిన చక్రాన్ని పట్టి ఆపే దిక్కుండదు.

పక్కింటి కుర్రాణ్ణి ఎక్కించి స్టీరింగుని అటూ ఇటూ కొద్దికొద్దిగా కదపమన్నాను. గోనెపట్టా పరుచుకుని కింద దూరి, ఒక్కో అతుకు మీద చెయ్యి వేశాను. టై రాడ్డు చివర్లు రెండు దొరికాయి. తర్వాత ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపాను. కదిలింది. బేరింగా, కింగ్ పిన్నా? కుర్రాణ్ణి బ్రేకు తొక్కమన్నాను. అప్పుడు ఊగడం ఆగిపోతే బేరింగు వదులు. ఆగకపోతే కింగ్ పిన్ను. మనది ఆగలేదు. ఇక్కడ నా మంచం పోలిక తిరగబడుతుంది. మంచానికి చీలిక పెడితే బిగుస్తుంది, కింగ్ పిన్నుకి మూత కింది పల్చటి రేకు ఒకటి తీస్తే బిగుస్తుంది.

నిరుడు నేను చేసిన పని చెబుతా, నవ్వకండి. ఇలాగే వణికితే స్టీరింగు బాక్సు మీది స్క్రూ బిగించేశాను. వణుకు పోలేదు సరికదా, మలుపు తిప్పాక స్టీరింగు తనంతట వెనక్కి రావడం మానేసింది. కోడు వదులైతే నులక బిగించినట్టు! స్టీరింగు అదురుని అణిచే డాంపరు వేయించమని ఒకాయన చెప్పాడు. అదీ ఊగే మంచం మీద దిండు వెయ్యడమే.

టై రాడ్డు చివర్లు మార్చాక టేపుతో కొలిచి, ముందు చక్రాలు రెండింటి మధ్య దూరం వాటి వెనక అంచుల దగ్గర కంటే ముందు అంచుల దగ్గర ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువ ఉండేలా పెట్టించాను. ఇంత చేశాక చూస్తే, రిమ్ము లోపల ఎండిన బురద అరచేతి మందాన! అదొక్కటి చాలు చక్రం ఎగరడానికి. ముందు చూడాల్సింది బురద, టైర్లలో గాలి. చివర చూశాను, ఏం చేస్తాం.

చిట్టీ, "బ్రేకు గట్టిగా ఎందుకు తొక్కలేదు?" అన్నావు. తొక్కితే బరువంతా ముందు చక్రాల మీదకే వస్తుంది, వణుకు ఇంకా పెరగొచ్చు. యాక్సిలరేటరు వదిలేసి, స్టీరింగుతో కుస్తీ పట్టకుండా నిలకడగా పట్టుకుంటే, వేగం తగ్గేకొద్దీ వణుకూ పోతుంది. నలభై దగ్గర వణికిన బండి ఇరవైకి బుద్ధిగా నడిచింది, చూశావుగా. ఉయ్యాలని సరిగ్గా దాని లయకే తోసినట్టు, ఆ వేగం దగ్గరే ఎందుకు పట్టుకుంటుందో ఇన్నేళ్లకీ నాకు వింతగానే ఉంటుంది.

ఇంకొక వింత ఉంది. పాత జీపుల్లో కింగ్ పిన్ను నిటారుగా ఉండదు, పైభాగం మూడు డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది. ఎందుకో లెక్కలు గీయను. మీ సైకిలు చూడండి, ముందు ఫోర్కు ఎలా వాలి ఉందో. సీటొక్కటే పట్టుకుని ముందుకి నడిపించండి, హ్యాండిలు ముట్టుకోవద్దు. కాస్త ఎడమకి వంచండి, హ్యాండిలు ఏం చేస్తుందో చూడండి. తర్వాత అలాగే సీటు పట్టుకుని వెనక్కి లాగండి. అప్పుడేమైందో నాకు రాయండి.

మీ తాతయ్య